హల్ హౌసు: ఇరుగుపొరుగుల కళానిలయము

కళలు ధనికుల మేడలకేగాని కూలివారి వాడలకు జెందినవి కావని తలంచువారు అన్ని దేశములందును గలరు. అట్లు తలంపక, ఒక నిరుపేద వాడయందు కాపురముండి, ఆ వాడవారితో గలసి చిత్రకళను, సంగీతమును, నాటకమును, చేతిపనులను పెంపొందించిన ఇద్దరు స్త్రీల చరిత్ర మన విద్యార్థులు తెలిసికొనదగియున్నది. వారు మొదట తాము నేర్పవచ్చితిమని తలంచిరి. తమకును నేర్చుకొనవలసినది చాల గలదని కొన్ని సంవత్సరములకు గ్రహించిరి. అట్లు గ్రహించిన పిమ్మటనే వారి పని నిజమైన భాగస్వామ్యమయ్యెను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిషిగన్ సరస్సు తీరమున చికాగోనగరము గలదు. 19వ శతాబ్దాంతమున ఆ నగరము మిక్కిలి వేగముగ పెరిగెను. అచ్చటి కర్మాగారములలోను, మాంసపు శాలలలోను, బట్టలు కుట్టు దుకాణములలోను పని దొరకునను నాశతో యూరపుఖండమునుండి జనులు వేలకొలది వచ్చి చేరిరి. నగరపు పడమటి భాగమున హాల్‌స్టెడ్ వీథికి చుట్టుప్రక్కల ఇటలీవారు, గ్రీకులు, జర్మనులు, బొహీమియనులు, ఐరిషువారు, రష్యా పోలెండు దేశములనుండి వచ్చిన యూదులు నివసించుచుండిరి. ఒకరి భాష యొకరికి దెలియదు. ఇండ్లు ఇరుకు, వీథులు మురికి, కూలి స్వల్పము.

జేన్ ఆడమ్స్, ఎల్లెన్ గేట్స్ స్టార్ అనువారు ఒకే విద్యాలయమున జదివిన స్నేహితురాండ్రు. ఆడమ్స్ 1888వ సంవత్సరమున లండను నగరములోని టాయన్బీ హాలును దర్శించెను. అచ్చట విశ్వవిద్యాలయమున జదివిన యువకులు పేదల వాడలో నివసించి, వారికి విద్య గరపుచు, చిత్రప్రదర్శనములు గావించుచుండిరి. అట్టి సంస్థను తమ దేశమునందును స్థాపింపవలెనని స్నేహితురాండ్రిద్దరును నిశ్చయించుకొనిరి. చార్లెస్ హల్ అను నతడు 1856వ సంవత్సరమున హాల్‌స్టెడ్ వీథియందు గట్టించిన పాతభవనము వారికి లభించెను. 1889వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన వారందు గృహప్రవేశము చేసిరి. ఆ యింటికి హల్ హౌసను పేరు నిలిచెను.

మొదటి సంవత్సరములలో జరిగిన పనిని చూడుడు. 1891లో ఎడ్వర్డ్ బట్లర్ అను వర్తకుడు 5000 డాలర్లు విరాళమీయగా, హల్ హౌసు ప్రక్కను ఒక చిత్రశాల నిర్మింపబడెను. నగరమందలి సంపన్నులు తమ యిండ్లలోని చిత్రపటములను ఎరువిచ్చిరి. వానిని గూలివారు, వారి బిడ్డలు వచ్చి చూచిరి. 1893లో ఎలినార్ స్మిత్ అను సంగీతోపాధ్యాయిని పాఠశాల నెలకొల్పి బాలబాలికలకు గానము నేర్పెను. 1894లో స్టార్ మరికొందరితో గలసి ఒక సంఘమును స్థాపించి, చికాగో ప్రభుత్వపాఠశాలల గోడలకు మంచి చిత్రములు సమకూర్చెను. 1897లో చేతిపనుల నాదరించు సంఘమొకటి హల్ హౌసులోనే యేర్పడెను. ధనికులు ధనమును, కళాకోవిదులు కాలమును ఇచ్చిరి. వాడవారు సంతోషముతో వచ్చిరి.

అయినను ఇందొక కొఱత యుండెను. ఇచ్చువారెల్లరు వాడ వెలుపలివారు, పుచ్చుకొనువారెల్లరు వాడలోనివారు. చిత్రమును జూపినమాత్రమున జాలదని స్టార్‌కు తోచెను. మనుష్యుడు తన చేతులతో సుందరమైన వస్తువును జేసినప్పుడే కళ యతనిదగునని యామె విశ్వసించెను. అందుచే తానే ఇంగ్లండునకేగి, పుస్తకములకు బైండు కట్టు పనిని ప్రఖ్యాత శిల్పియైన కాబ్డెన్ శాండర్సన్ వద్ద నేర్చుకొని వచ్చి, హల్ హౌసులో దానిని బోధించెను.

ఇంతకంటె పెద్దదగు కొఱత యింటింటను గన్పట్టుచుండెను. వలసవచ్చినవారి పిల్లలు బడికేగి ఇంగ్లీషు త్వరగా నేర్చుకొనిరి. తల్లిదండ్రులకు ఆ భాష రాదు. అంగడిలో బేరమాడుటకును, అధికారులతో మాటలాడుటకును పిల్లలే వారికి నోరైరి. స్వదేశమున పనివాండ్రుగ పేరొందిన వారు ఇచ్చట యంత్రముల ముందు పనిరాని కూలివారైరి. దీనిని జూచి పిల్లలకు తల్లిదండ్రులయెడ గౌరవము తగ్గెను. తల్లి కట్టిన బట్ట, ఆడిన మాట, చేసిన పని యన్నియు వారికి సిగ్గుగ నుండెను. ఎన్ని చిత్రశాలలు గట్టినను ఇట్టి సిగ్గు పోవునా?

ఈ చింతతో ఆడమ్స్ ఒకనాడు పోల్కు వీథిని నడచిపోవుచుండ, ఒక ఇటలీ ముసలమ్మ యింటిముందు గూర్చుండి తకిలితో నూలు వడకుచుండుట గాంచెను. ఆ ముసలమ్మ మొగము స్వదేశముపై బెంగతో వాడియుండెను. ఆడమ్స్‌ను జూచినంతనే యామె మొగము వికసించెను. ఆమె తకిలిని పైకెత్తి చూపి, ఇంక కొంచెము నూలు వడికినచో తన జ్ఞానపుత్రికకు మేజోళ్లు అల్లగలనని చెప్పెను. ఆ వాడలో నిట్టి విద్య యుండగా, దాని నెవ్వరును విద్యగ నెంచుటలేదని ఆడమ్స్‌కు తెల్లమయ్యెను.

1900వ సంవత్సరమున హల్ హౌసులో లేబర్ మ్యూజియము, అనగా శ్రామికుల ప్రదర్శనశాల, తెరువబడెను. ఇతర ప్రదర్శనశాలలయందు వస్తువులుండును. ఇందు వస్తువులతో పాటు వానిని జేయు మనుష్యులును ఉండిరి. ఒకే గదిలో సిరియా, గ్రీసు, ఇటలీ, రష్యా, ఐర్లండు దేశముల స్త్రీలు తమ తమ పద్ధతుల నూలు వడికి చూపుచుండిరి. తకిలి మొదలు రాట్నమువఱకు, చేతిమగ్గము మొదలు ఆవిరియంత్రమువఱకు నేతపని ఎట్లు క్రమముగ మారివచ్చెనో ఆ గదిలో నిలిచి చూచువారికి బోధపడుచుండెను. కుమ్మరపని, లోహపుపని, వడ్రంగము, బైండుపని మొదలగునవి కూడ నచట చోటు సంపాదించెను. వాడవారే యుపాధ్యాయులైరి, చదువుకొన్నవారు వారియెదుట విద్యార్థులైరి.

దీని ఫలమెట్టిదో ఆడమ్స్ 1910వ సంవత్సరమున ప్రకటించిన స్వీయచరిత్రయందు ఒక యుదాహరణముతో దెలిపెను. ఒక ఇటలీ బాలిక శనివారము సాయంకాలములందు హల్ హౌసులో వంట తరగతికి వచ్చుచుండెను. అదే సమయమున ఆమె తల్లి ప్రదర్శనశాలలో నూలు వడకుచుండెను. తల్లికి తలగుడ్డ, పొట్టి పావడ, మోటు బూట్లు. తోటిబాలికలు తన తల్లి యీమెయని యెఱుంగుదురేమోయను సిగ్గుచే, బాలిక తల్లిని ముందువాకిట విడిచి తాను ప్రక్కవాకిట లోపలికి బోవుచుండెను. ఒకనాటి సాయంకాలము ఉపాధ్యాయ విద్యాలయమునుండి వచ్చిన కొందరు ఆమె తల్లిచుట్టు జేరి, ఆ పనితనమును మెచ్చుకొనుచుండిరి. అమెరికాలో తకిలి త్రిప్పుటయందు తన తల్లిని మించినవారు లేరని వారి మాటలవలన బాలికకు తోచెను. ఇది నిజమాయని యామె ఆడమ్స్‌ను ప్రశ్నించెను. ఆడమ్స్ ఆమెకు తల్లి పుట్టిన పల్లెనుగూర్చి వివరించెను. ఆ పల్లె స్త్రీలు ఎత్తైన కొండచరియ యంచుననుండి తకిలిని క్రిందికి విడిచి వడకుచుండుటచే, పొరుగూళ్లవారికంటె మిన్నయగు నేర్పు సంపాదించిరట. అది మొదలు బాలికకు తల్లిపై చూపు మారెను. మంచముక్రింది పెట్టెలో తాను దాచియుంచజేసిన ఇంటినూలు వస్త్రములను తల్లి బయటికి దీయుటకు ఆమె సమ్మతించెను. పిమ్మట తల్లి వచ్చు వాకిటనే తానును వచ్చెను.

నాటకమునందును ఇట్టి మార్పే కలిగెను. ఆ వాడలోని గ్రీకులు పండ్లమ్ముకొనువారును కూలివారును. వారి పూర్వులు ప్రపంచమునకు నాటకవిద్యను ప్రసాదించిరని పొరుగువారికి దోచనేలేదు. 1899లో ఆ గ్రీకులే ఒడిస్సియసు స్వదేశమునకు మరలివచ్చిన కథను తమ ప్రాచీనభాషయందు హల్ హౌసులో ప్రదర్శించిరి. 1903లో సోఫోక్లీసు రచించిన అయాసు నాటకమును ఆడిరి. తమ దేశకీర్తిని ఎఱుంగని అమెరికావారికి దానిని జూపుచున్నామను గర్వము వారికి గలిగెను.

తరువాత సంస్థ పెరిగి 13 భవనములు గలదయ్యెను. జాజ్ సంగీతమున ప్రసిద్ధుడైన బెన్నీ గుడ్‌మన్, పేద యూదు దర్జీ కుమారుడు, బాల్యమున హల్ హౌసు బ్యాండులో వాయించెను. ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమానము లభించెను. 1935లో ఆమె పరమపదించెను. 1960 తరువాతి సంవత్సరములలో విశ్వవిద్యాలయ నిర్మాణమునకై ఆ వాడయిండ్లును హల్ హౌసు భవనములలో పెక్కును పడగొట్టబడెను. ఇరుగుపొరుగువారు చెదరిపోయిరి. రెండు భవనములు మాత్రము నిలిచి ప్రదర్శనశాలగ నున్నవి. ఆమె పేర సేవచేయుచుండిన సంఘము కూడ ధనాభావముచే 2012లో మూతపడెను.

భవనములు పడిపోయినను ఆ పని నేర్పిన పాఠము పోలేదు. ఒక వాడకు కళను దీసికొనిపోదలచువారు, ఆ వాడలో నిదివఱకే యున్న కళ యేదియో ముందుగ విచారింపవలెను. మగ్గముమీద గూర్చున్న తండ్రి, చాప యల్లు తల్లి, తోలుబొమ్మ లాడించు తాత మన యూళ్లలోను గలరు. విద్యార్థులారా, బడిలో నాలుగక్షరములు నేర్చినందున వారి పనిని మనము చిన్నచూపు చూచుచున్నామా? ఈ సెలవులలో ఇంటికేగినపుడు వారి ప్రక్కను గూర్చుండి, ఆ పని యెట్లు చేయుదురో, ఎవరివద్ద నేర్చిరో యడిగి తెలిసికొనుడు. బడి తెరచిన పిమ్మట వారిలో నొక్కరినైన మన పాఠశాలకు బిలిచి, ముందువాకిటినుండియే లోపలికి దోడ్కొనిరండు.