పెద్ద ఇంజను పెడితే బండి వేగం ఎంత పెరుగుతుంది?

‘బండికి పెద్ద ఇంజను పెట్టిస్తే ఎంత స్పీడు వెళ్తుందో!’ మోటారుసైకిలు సరదా ఉన్న కుర్రవాళ్ళు నలుగురు కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు. సరదా సహజమే. అయితే ఇంజను ఎంత పెరిగితే వేగమూ అంత పెరుగుతుందా? మనందరికీ తెలిసిన బండినే తీసుకుని లెక్క వేసి చూద్దాం.

సి.సి. లెక్క

1955లో మద్రాసుకు వచ్చిన బుల్లెట్ మోటారుసైకిలుకు పాత పోత ఇనుము ఇంజన్లు రెండు సైజుల్లో ఉండేవి. చిన్నదానిలో సిలిండరు లోపలి వ్యాసం 70 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 90 మి.మీ. స్తూపం ఘనపరిమాణం కనుక్కునే సూత్రం మీకు తెలిసినదే. దాని ప్రకారం 346 ఘన సెంటీమీటర్లు, అంటే 346 సి.సి. వస్తుంది. పెద్దదానిలో పిస్టన్ కదిలే దూరం అదే 90 మి.మీ. వ్యాసం మాత్రం 84 మి.మీ. అది 499 సి.సి. ఇంజను.

వ్యాసం పెరిగింది 20 శాతమే. కాని వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. 1.2ను 1.2తో గుణిస్తే 1.44. అందుకే ఘనపరిమాణం 44 శాతం పెరిగింది. అరిగిన సిలిండరును మెకానిక్కులు రీబోరింగ్ చేసినప్పుడు వ్యాసం 1 మి.మీ. పెరిగిందనుకున్నా, వచ్చేది 356 సి.సి. మాత్రమే. 84 మి.మీ. దాకా తొలచడానికి పాత సిలిండరు గోడల మందం చాలదు. సిలిండరు, పిస్టన్, హెడ్ అన్నీ మార్చవలసిందే.

శక్తి ఎందుకు అంత పెరగలేదు?

చిన్న ఇంజను శక్తి 18 హార్స్ పవర్, పెద్దదానిది 22. పెరుగుదల 22 శాతమే! ఇంజను కూడా మనలాగే ఊపిరి పీల్చుకోవాలి. సిలిండరు పెద్దదైనా, వాల్వుల దారిలో, కార్బురేటరులో తగినంత గాలి ఆడకపోతే అది పూర్తిగా నిండదు. పైగా పెద్ద పిస్టన్ బరువు ఎక్కువ. ఈ ఇంజను నిమిషానికి 5400 చుట్లు తిరిగేటప్పుడు పిస్టన్ సెకనుకు 180 సార్లు ఆగి వెనుదిరుగుతుంది. బరువు పెరిగినకొద్దీ అదురూ పెరుగుతుంది. కనుక దానిని మరింత వేగంగా తిప్పడం కష్టం.

గాలి అడ్డుగోడ

వేగంగా వెళ్ళే బండికి ముఖ్యమైన అడ్డంకి గాలి. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దానిని ఎదుర్కొనడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. ఈ లెక్కన శక్తి 22 శాతం పెరిగితే గరిష్ఠ వేగం పెరిగేది సుమారు 7 శాతమే. గంటకు 110 కి.మీ. వెళ్ళే బండి 118 కి.మీ. వెళ్తుంది. అంతే.

మరి పెద్ద ఇంజను వల్ల లాభమే లేదా? ఉంది. తిప్పే బలం ఎక్కువ కాబట్టి ఇద్దరు కూర్చున్నా ఘాట్ రోడ్డు సులువుగా ఎక్కుతుంది.

పడే భారం

సిలిండరులో అదే పీడనం ఉన్నా, వైశాల్యం పెరిగినందువల్ల పిస్టన్‌పై బలం 44 శాతం పెరుగుతుంది. ఆ బలాన్ని కనెక్టింగ్ రాడ్డు, బేరింగులు, క్లచ్, చైను భరించాలి. ఎక్కువ పెట్రోలు మండితే వేడీ ఎక్కువే. సిలిండరు చుట్టూ ఉండే రెక్కలు ఆ వేడిని గాలిలోకి వదలలేకపోతే పిస్టన్ వ్యాకోచించి పట్టేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకులు. బండి గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. బ్రేకులు ఆ శక్తినంతా వేడిగా మార్చాలి. ఒకే రకం బ్రేకులు, ఒకే బరువు ఉన్న రెండు బండ్లు పక్కపక్కనే, ఒకటి 110, మరొకటి 118 కి.మీ. వేగంతో వెళ్తున్నాయనుకోండి. రెండూ ఒకే చోట ఒకేలా బ్రేకు వేశాయి. మొదటిది పూర్తిగా ఆగిన చోట రెండవదాని వేగం ఎంత? 118 వర్గంలోంచి 110 వర్గం తీసివేసి, వర్గమూలం కనుక్కోండి. గంటకు సుమారు 43 కి.మీ.! ఆ చోట రోడ్డు దాటుతున్న మనిషి ఉంటే, మొదటి బండి అతని ముందు ఆగుతుంది. రెండవది అతన్ని గుద్దేస్తుంది.

చట్టం మాట

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకూ బండికీ తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. రిజిస్ట్రేషన్ పత్రంలో సి.సి. రాసి ఉంటుంది. దానికి భిన్నమైన ఇంజను పెట్టిన బండికి ప్రమాదం జరిగితే బీమా విషయంలోనూ చిక్కులు రావచ్చు.

మోటారుసైకిలు అంటే ఇంజను ఒక్కటే కాదు. ఫ్రేము, చైను, టైర్లు, బ్రేకులు అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా లెక్కకట్టి చేసినవి. మీ ఇంటి బండితో ఇచ్చిన పుస్తకంలో సిలిండరు వ్యాసం, పిస్టన్ కదిలే దూరం ఉంటే చూసి, సి.సి. ఎంతో మీరే లెక్కకట్టండి. ఆ తరువాత వ్యాసం 20 శాతం పెంచి, బ్రేకుల లెక్క కూడా వేసి చూడండి.