తప్పు కోడులో లేదు, టంకంలో ఉంది

ఆ మధ్య రెండు రాత్రులు ఒక బగ్ వెనక పడ్డాను. రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డుకి ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఒకటి తగిలించి, పది లైన్ల పైథాన్ రాశాను. ఒకసారి అంకె వస్తుంది, నాలుగుసార్లు ఎర్రర్ వస్తుంది. లైబ్రరీ మార్చాను. ఐ2సి వేగం తగ్గించాను. సెన్సర్ పాడయిందేమోనని ఇంకోటి కొన్నాను. చివరికి విసుగొచ్చి బోర్డుని వేలితో నొక్కితే, చక్కగా పనిచేసింది! గ్రౌండ్ పిన్నుకి నేను పెట్టిన టంకం అతకలేదన్నమాట. ఏ డీబగ్గర్ చెబుతుంది ఈ సంగతి?

2021లో వచ్చిన ఈ పికో మామూలు రకానికి పిన్నులుండవు. రెండు అంచుల్లో ఇరవయ్యేసి, మొత్తం 40 రంధ్రాలుంటాయి. 2.54 మిల్లీమీటర్ల ఎడంతో ఉండే హెడర్ పిన్నుల్ని మనమే టంకం పెట్టుకోవాలి.

మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు చేసే పొరపాటు, టంకాన్ని జిగురులా అనుకోవడం. టంకం కరిగి రాగితో కలిసి, మధ్యలో ఒక పలచని మిశ్రలోహపు పొర ఏర్పడితేనే అతుకు. అందుకు పిన్నూ, దాని చుట్టూ ఉన్న రాగి వలయమూ రెండూ వేడెక్కాలి. పిన్ను ఒక్కటే వేడెక్కితే, టంకం దానికి పట్టుకుని వలయం మీద ఊరికే కూర్చుంటుంది. పైనుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. గ్రౌండ్ పిన్ను దగ్గర ఈ ప్రమాదం ఎక్కువ. ఆ వలయం బోర్డంతా పరుచుకున్న రాగి రేకుకి కలిసి ఉంటుంది కాబట్టి, మనమిచ్చిన వేడినంతా అది లాగేసుకుంటుంది.

ఇక పద్ధతి. హెడర్లని పాత బ్రెడ్‌బోర్డ్‌లో గుచ్చి, పైన పికోని పెట్టండి. పిన్నులు నిటారుగా నిలుస్తాయి. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం ఉన్న టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అయినా ఐరన్‌ని 350 దాకా పెట్టుకోండి, మొన తగలగానే వేడి దిగిపోతుంది కనుక. మొనని పిన్నుకీ వలయానికీ ఒకేసారి ఆనించి, రెండు సెకన్లు ఆగి, టంకం తీగని మొనకి కాకుండా అతుకుకి అందించండి. ముందు తీగ తియ్యాలి, తర్వాత ఐరన్. గ్రౌండ్ పిన్నుకి మరో రెండు మూడు సెకన్లు ఓపిక పట్టండి.

తీగ లోపలుండే రోజిన్, లోహం మీది తుప్పు పొరని తొలగిస్తుంది. ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాళ్ళు నవసాగరం చల్లేది ఇందుకే. దాని పొగ పీల్చకండి, కిటికీ తెరిచి పెట్టుకోండి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

మంచి అతుకు పిన్ను చుట్టూ వాలుగా, వలయం అంచుదాకా పాకి ఉంటుంది. ఉండలా నిలబడితే అనుమానించాల్సిందే. కరెంటు ఇచ్చేముందు మల్టీమీటర్ తియ్యండి. గ్రౌండ్ పిన్నులన్నీ లోపల కలిసే ఉంటాయి కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి బీప్ రావాలి. పక్కపక్క పిన్నుల మధ్య రాకూడదు. బోర్డుని కాస్త కదిలిస్తూ చూడండి.

నా అతుకుని మళ్ళీ వేడిచేసి సరిచెయ్యడానికి ఐదు సెకన్లు పట్టింది. కోడులో ఒక్క అక్షరం మార్చలేదు. కొన్న రెండో సెన్సర్ మాత్రం ఇంకా డబ్బాలోనే ఉంది.