పదకొండేండ్లు దాగిన నల్లి

మన ఇళ్ళలో కంప్యూటరు ఉద్యోగం చేసే పిల్లవాణ్ణి "రాత్రి పన్నెండైనా ఏం చేస్తున్నావురా?" అని అడిగితే, "బగ్గు వెతుకుతున్నాను" అంటాడు. బగ్గంటే నల్లి అనే మనమెరుగుదుము. మంచం ఎండలో వేస్తే పోయే నల్లి కాదిది. పదకొండేండ్లు దాగిన అట్టి నల్లి ఒకదాని కథ చెబుతాము.

కంప్యూటరులోను, చేతి ఫోనులోను అన్ని పనులనూ అదుపులో ఉంచే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. మెమరీని పంచిపెట్టేదీ అదే. మెమరీ పేజీలుగా ఉంటుంది; సాధారణంగా పేజీకి 4,096 బైట్లు. ఒకే పేజీని పదిమంది చదువుకోవచ్చును. ఎవరైనా రాయబోతే మాత్రం అసలును తాకనివ్వక, ఒక నకలు తీసి ఇస్తుంది. కచేరీలో అసలు దస్తావేజు బీరువాలోనే ఉండి, నకలు మన చేతికి వచ్చినట్లే. దీన్నే కాపీ ఆన్ రైట్ అంటారు.

లినక్స్ కెర్నెల్‌లో ఈ పద్ధతిలోనే లొసుగు ఉండినది. ఒక గుమాస్తాను ఊహించుకోండి. "రాయడానికి" అని చీటీ వచ్చింది. నకలు తీసి బల్లమీద పెట్టాడు. నకలు ఉన్నది గదా, ఇక భయమేమని చీటీమీద "రాయడానికి" అన్న మాట కొట్టివేశాడు. సరిగా ఆ క్షణంలో చీటీ ఇచ్చినవాని తోడుదొంగ, "ఆ నకలు మాకక్కరలేదు" అని తీయించివేశాడు. గుమాస్తా తిరిగి చూస్తే బల్ల ఖాళీ. చీటీలో రాసే మాట లేదు. చదువుకొనేందుకే కాబోలునని అసలు దస్తావేజే తెచ్చి పెట్టాడు. కలం దానిమీద పడింది!

ప్రాసెసరు ఒక్కటే అయితే ఇట్టి సందు దొరకడం అరుదు. నాలుగో ఎనిమిదో ప్రాసెసర్లు ఒకేసారి పనిచేసే యంత్రంలో, ఆ రెండు పనులనూ వేలసార్లు జోడుగా తిప్పితే ఎప్పుడో ఒకప్పుడు దొరికి తీరుతుంది. చదివే అధికారం మాత్రమే ఉన్నవాడు మూల ఫైళ్ళనే మార్చి సర్వాధికారి కాగలడు. ఆండ్రాయిడ్ ఫోనుల అడుగున ఉన్నదీ ఈ లినక్సే.

విచారమేమంటే, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లోనే దీన్ని చూచి సవరించారు. ఆ సవరణ ఐ.బి.ఎమ్. వారి ఎస్‌390 యంత్రాలలో చిక్కులు తెచ్చినందున వెనక్కు తీసుకొన్నారు. ఆనాడు అది కాగితం మీది ఊహగానే కనబడింది. 2016లో ఫిల్ ఓస్టర్ అనే ఆయన, తన సర్వరుకు వచ్చే సమాచారాన్ని భద్రపరచే అలవాటు వల్ల, దుండగులు దీన్ని వాడుతున్న సంగతి పట్టుకొన్నారు. "డర్టీ కౌ" అని పేరు పడింది. కాపీ ఆన్ రైట్ తొలి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో ఆవు అవుతుంది లెండి. పాపం, గోవుకు ఇందులో ఏ సంబంధమూ లేదు.

ఆ అక్టోబరులో టోర్వాల్డ్సే మళ్ళీ సవరించారు. పదకొండేండ్ల నాటి తన ప్రయత్నం బాగుగా లేదని ఆ సవరణతోపాటు తానే రాసిపెట్టారు. మాకది ఎంతో నచ్చింది. కొత్త పద్ధతిలో చీటీమీద మాట కొట్టివేయరు. "నకలు తీశాను" అని వేరే గుర్తు వేస్తారు. పేజీమీద రాసిన ముద్ర ఉన్నదా అని కూడా చూస్తారు.

అంతటితో అయిందా? 512 మామూలు పేజీలకు సమానమైన 2 మెగాబైట్ల పెద్ద పేజీలు కూడా కద్దు. వాటిని చూచే భాగంలో, ఎవరూ రాయకపోయినా రాసిన ముద్ర వేసే పాత అలవాటొకటి మిగిలిపోయింది. 2017 నవంబరులో అది బయటపడగా మరల దిద్దవలసి వచ్చింది.

ఫోను "అప్‌డేటు చేయనా?" అని అడిగితే, విసుక్కొని రేపు చూద్దామనేవాళ్ళమే మేమూను. 2016కు ముందు కొని, తరువాత ఏ సవరణా అందని ఫోను ఇంటి బీరువాలో ఎక్కడైనా ఉంటే, ఆ నల్లి అందులో ఇంకా ఉండే ఉంటుంది.