పాలు తాగుతూ బిడ్డ ఆయాసపడితే దిష్టి అనుకోవద్దు

హోసూరులో మన సంఘ సభ్యుల ఇంటి దంపతులు ఆమధ్య ఒక ఆస్పత్రి కాగితం పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. బిడ్డకు 40 రోజులు. కాగితంలో ‘టి.ఎ.పి.వి.సి.’ అని ఉంది. పాలు తాగేటప్పుడు ఆయాసం, నుదుట చెమట కనిపిస్తే, దిష్టి అని మూడు వారాలు తాయెత్తులతో గడిపారట. పైగా కోడలు గ్రహణం నాడు బయటికి వచ్చిందని నింద. డాక్టరుగారు వివరించింది అందరికీ తెలియాలని, ఆ దంపతుల అనుమతితో రాస్తున్నాం.

ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తాన్ని నాలుగు సిరలు గుండె ఎడమ పై గదికి చేర్చాలి. అక్కడి నుంచే అది ఒళ్లంతా అందుతుంది. ఈ లోపంలో ఆ సిరలు దారి తప్పి కుడివైపు కలుస్తాయి. గుమాస్తా పని చేసిన మాకు, పై ఆఫీసుకు పోవలసిన ఫైలు తిరిగి వచ్చిన సెక్షనుకే పోయినట్టు తోచింది. పై గదుల మధ్య రంధ్రం గుండా ఎడమవైపుకు వచ్చే కలగలుపు రక్తంతోనే బిడ్డ బతుకుతుంది. గుండె రూపుకట్టేది గర్భం తొలి రెండు నెలల్లోనే. ఇందులో తల్లి తప్పేమీ లేదు, గ్రహణానికీ సంబంధం లేదు.

మందులతో ఇది సరికాదు. గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించి, ఆ సిరలను ఎడమ పై గదికి కలిపి కుడతారు, రంధ్రం మూస్తారు. సిరల దారి ఇరుకైతే పుట్టిన కొద్ది గంటల్లోనో రోజుల్లోనో ప్రాణం మీదికి వస్తుంది, ఆపరేషన్ వెంటనే చేయాలి. తర్వాత కూడా కొందరిలో సిరలు మళ్లీ ఇరుకవుతాయి కాబట్టి పరీక్షలు మానకూడదు.

గుర్తులు ఇవి: వేగంగా ఊపిరి తీయడం, పాలు ఆగి ఆగి తాగడం, చెమట, బరువు పెరగకపోవడం, పెదవులు, గోళ్లు నీలంగా మారడం. ఇవి కనిపిస్తే వెంటనే పిల్లల డాక్టరుకు చూపించి, గుండెకు ఎకో పరీక్ష గురించి అడగండి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే గుండె లోపాలకు ఉచిత చికిత్స ఉంది. తమిళనాడు ముఖ్యమంత్రి ఆరోగ్య బీమాకు రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోండి. తమిళ ఫారాలు చదవలేనివారు సంఘం కార్యాలయానికి తెస్తే మేము నింపి పెడతాం.

ఆ బిడ్డకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆగకుండా పాలు తాగుతోంది. నాయనమ్మే ఒళ్లో పెట్టుకుని పరీక్షలకు తీసుకెళ్తున్నారు.