వేగము పెంచిన కారు – వేడిని తగ్గించు విధము

పెట్రోలును మండించి బలము పుట్టించుట మోటారు ఇంజను పని. అయితే ఆ పెట్రోలులోని శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే ఉపయోగపడు బలముగా మారును. మరియొక మూడవ వంతు పొగగొట్టము వెంట వెలుపలికి పోవును. మిగిలినదానిలో చాల భాగము సిలిండరు గోడలకు, హెడ్డుకు సోకి, అచటి నుండి నీటి ద్వారా రేడియేటరును చేరి గాలిలో కలియును. ఈ చివరి భాగమును లెక్కింపక బలమును మాత్రమే పెంచిన కార్లు దారి నడుమ ఆవిరి క్రక్కుచు నిలిచిపోవుచుండును.

యంత్రవిద్య యనిన మనవారికి మక్కువ మెండు. తెలుగు కుటుంబమున జన్మించిన జి. డి. నాయుడు (1893–1974) కోయంబత్తూరులో యంత్రవిద్యకు పెద్ద పేరు తెచ్చెను. అదే నగరమునకు చెందిన కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో చిన్న పందెపు కార్లను నిర్మించెను. చెట్టిపాళయములోని పందెపు బాటకు ఆయన పేరే పెట్టబడినది. ఇటువంటి ముచ్చటలు విని మన యువకులు కొందరు కార్లకు మార్పులు చేయ నుత్సహించుట సహజమే. కాని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన లక్షణములకు విరుద్ధముగా బండిని మార్చి రోడ్డుపై నడుపరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడ ఈ విషయమును స్పష్టపరచినది. కావున మేమిచట వ్రాయునది పందెపు బాటపై నడుపు కార్లను గురించియే.

బలము పెరిగినపుడు వేడి యెట్లు పెరుగునో మొదట చూతము. 100 గుర్రపు బలముల ఇంజనును 200 గుర్రపు బలములకు పెంచినచో, పూర్తి బలముతో నడచునపుడు నీటిలోనికి చేరు వేడియు రమారమి రెట్టింపగును. రేడియేటరు మాత్రము పాతదే. పైగా మన వేసవి దానికి తోడు కాదు. నీరు 90 డిగ్రీలు, బయటి గాలి 30 డిగ్రీలు ఉన్నపుడు రెంటి నడుమ భేదము 60. గాలి 40 డిగ్రీలైనచో భేదము 50కి దిగును. ఈ భేదమే వేడిని లాగికొనిపోవునది గనుక రేడియేటరు శక్తిలో ఆరవ వంతు అప్పుడే తగ్గినట్లు.

టర్బోఛార్జరు అమర్చిన కార్లలో మరియొక చిక్కు కలదు. గాలిని నొక్కిన కొలది అది కాగును. సైకిలు పంపు కొట్టిన వారందరు ఎరిగినదే యిది. 30 డిగ్రీల గాలిని రెండింతల పీడనమునకు నొక్కినచో అది 120 డిగ్రీలను దాటవచ్చును. దానిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరును తెచ్చి రేడియేటరుకు ముందు బిగింతురు. అపుడు రేడియేటరుకు అందు గాలి తక్కువ. అందినదియు ముందే కాగినది. ఇంజనుకు మేలు చేయవచ్చిన వస్తువే నీటికి కీడు చేయును.

ఇక చికిత్స మాట. చాలమంది వేడి యనగానే పెద్ద రేడియేటరు కొని తెత్తురు. రోగ మెరుగక మందిచ్చుట వంటిదే యిది. వేడి ఎప్పుడు పుట్టుచున్నదని మొదట విచారింపవలెను. ఆ సమయమే దోషము ఉన్న చోటును చాలవరకు చూపును.

బండి నిలిచియున్నపుడు, మెల్లగా పోవునపుడు మాత్రమే వేడెక్కి, వేగమందగానే చల్లబడినచో దోషము ఫ్యానుది. ఫ్యాను తిరుగుచున్నదా, గాలిని సరియైన దిక్కునకు లాగుచున్నదా, దాని చుట్టు ఉండవలసిన తొడుగు ఉన్నదా యని చూడవలెను. తొడుగు లేని ఫ్యాను తన యెదుటి భాగమునుండి మాత్రమే గాలి లాగును. తక్కిన రేడియేటరు ఊరక యుండును.

వేగముగా పోవునపుడే వేడెక్కినచో ఫ్యానును నిందింపరాదు. గాలికి అడ్డము కలదేమో, నీటి ప్రవాహము చాలకున్నదేమో చూడవలెను. గాలి ఎల్లప్పుడు సులువైన దారినే వెదకును. రేడియేటరు ప్రక్కల సందులున్నచో వాటి గుండా జారిపోవును. ఆ సందులను రేకుతోను, రబ్బరుతోను మూసినచో పాత రేడియేటరే క్రొత్త దానివలె పనిచేయుట కలదు. చొరబడిన గాలి వెలువడుటకును దారి ఉండవలెను. లేనిచో బానెట్టు క్రింద వేడిగాలి గూడుకట్టి క్రొత్త గాలిని రానీయదు. బానెట్టు వెనుక అంచును పైకెత్తుట కొందరి అలవాటు. కాని ముందు అద్దము అడుగున గాలి పీడనము హెచ్చుగా నుండును గనుక అచటి నుండి గాలి వెలుపలికి పోవుటకు మారు లోనికే రావచ్చును.

నీటి ప్రవాహమునకు బావి పంపునే ఉదాహరణముగా గైకొనవచ్చును. పీల్చు గొట్టము చప్పబడినను, అందు గాలి చొచ్చినను పంపు నీరెత్తదు. కారులోను అంతే. పంపు పీల్చు వైపు హోసు గొట్టము మెత్తబడినచో, ఇంజను జోరుగా తిరుగునపుడు అది నొక్కుకొని ప్రవాహమును అడ్డును. బండి ఆపగానే యథాస్థితికి వచ్చును. అందుచే ఈ దోషము నిలిచిన బండిలో కనబడదు. నీరు పోసిన తరువాత లోపల చిక్కిన గాలిని పూర్తిగా వెడలింపకున్నను ఇట్టి ఉపద్రవమే.

గాలి, నీరు రెండును సరిగా నుండియు, పూర్తి బలము లాగునపుడు మాత్రమే వేడెక్కినచో దోషము మంటలోనే కలదు. స్పార్కు ఆలస్యమైనచో మంట చాలసేపు సాగి పొగద్వారమును కాల్చును. మరీ ముందైనచో టకటకమను చప్పుడు పుట్టి, గోడలను కాపాడు పలుచని వాయుపొర చెదరి, వేడి లోహములోనికి చొచ్చును. గాలికి తగిన పెట్రోలు అందకున్నను ముప్పే. ఇట్టి దోషమునకు ఎంత పెద్ద రేడియేటరైనను మందు కాదు. రేడియేటరులో ఎడతెగక బుడగలు లేచుచున్నచో హెడ్డు గ్యాస్కెట్టు చెడినదని అనుమానింపవలెను.

థర్మోస్టాటును తీసివేయుట మరియొక వాడుక. దానిచే ఇంజను తగిన వేడికి చేరక అరుగును. కొన్ని ఇంజనులలో నీరు రేడియేటరును చేరక పక్కదారిన తిరిగి వచ్చును. మూతను మాత్రము ఉపేక్షింపరాదు. మామూలుగా 100 డిగ్రీలకు మరుగు నీరు, ఒక వాతావరణ పీడనము అదనముగా ఉన్నపుడు సుమారు 120 డిగ్రీల వరకు మరుగదు. ఆ పీడనమును నిలుపునది మూతయే. స్వల్పమైన వెల గల ఆ మూత సడలినందుననే పొంగిన కార్లు కలవు.

గొప్ప కార్లలో వేడికి ఎంత చోటు కేటాయింతురో చూడుడు. 2005లో వెలువడిన 1001 గుర్రపు బలముల బుగాట్టి వేరాన్ కారుకు పది రేడియేటర్లు కలవు. మెక్‌లారెన్ ఎఫ్1 కారులో ఇంజను గది గోడలకు వేడిని త్రిప్పికొట్టుటకై బంగారు రేకును అంటించిరి. అది ఆడంబరము కాదు, అవసరము.

తుదకు ఒక హెచ్చరిక. వేడెక్కిన రేడియేటరు మూతను ఎన్నడును తెరువరాదు. పీడనము తొలగిన క్షణముననే నీరు ఆవిరియై ముఖమున చిమ్మును. ముల్లు ఎర్రగీతను తాకినచో పందెమును విడిచి ఇంజనును ఆపవలెను. ఇంకొక్క చుట్టు తిరుగుదమనుకొన్నచో హెడ్డు వంగి ఇంజనే పోవచ్చును.

బలమును ఎంత కోరుదుమో, ఆ బలము వెంట వచ్చు వేడిని పంపివేయు దారిని అంత ముందుగా ఏర్పరచవలెను. కొనుటకు ముందు కొలుచుట, మార్చుటకు ముందు విచారించుట అలవరచుకొన్న విద్యార్థులు ఈ యంత్రవిద్యలో తప్పక రాణింతురని మా నమ్మకము.