45కే రిటైర్ అయిపోతే పాపమా? | రిటైర్‌మెంట్, నిత్యత్వం

ఈ రోజు ఎపిసోడ్ డబ్బుల గురించి. కంగారు పడకండి, చందా అడగట్లేదు.

పోయిన వారం యూత్ మీటింగ్ అయ్యాక ఒక తమ్ముడు నన్ను పక్కకి పిలిచి ఫోన్‌లో ఎక్సెల్ షీట్ చూపించాడు. వయసు 26, హైదరాబాద్‌లో జాబ్. 45 ఏళ్లకి పని మానేయాలని ప్లాన్. "ఫైర్ అన్నా" అన్నాడు. రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. ఏడాది ఖర్చుకి 25 రెట్లు పోగేస్తే ఇక జీతం అక్కర్లేదు అని ఒక లెక్క. ఇప్పుడు నెలకి 50 వేలు ఖర్చు అనుకుంటే ఏడాదికి 6 లక్షలు, దానికి 25 రెట్లు కోటిన్నర. కానీ ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే, 19 ఏళ్ల తర్వాత అదే ఇల్లు నడపడానికి నెలకి లక్షన్నర కావాలి. అంటే పోగేయాల్సింది నాలుగున్నర కోట్లు! తమ్ముడు ఇదంతా లెక్కేశాడు. లెక్కేసి అడిగాడు, "అన్నా, ఇది పాపమా?" అని.

కాదు అని వెంటనే చెప్పాను. సామెతల గ్రంథం 6వ అధ్యాయంలో సోమరిని చీమ దగ్గరికి వెళ్లి నేర్చుకోమంటాడు. అది కోతకాలంలో దాచుకుంటుంది. "దేవుడే చూసుకుంటాడు" అని ఒక్క రూపాయి దాచకుండా, ముసలితనంలో పిల్లల మీద పడి, ఆ పిల్లలు అప్పుల్లో మునిగిపోయిన ఇళ్లు మన సంఘాల్లోనే ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. దాన్ని విశ్వాసం అనకండి, ప్లీజ్. మీ బేసిక్ జీతంలో 12 శాతం పీఎఫ్ కట్ అవుతుంటే అవ్వనివ్వండి. జాబ్ మారిన ప్రతిసారీ దాన్ని తీసేసి కొత్త ఫోన్ కొనకండి.

మరి ఎక్కడ తేడా వస్తుంది? లూకా 12వ అధ్యాయం తీయండి. అక్కడ మొదలయ్యేది ఆస్తి తగాదాతో. గుంపులోంచి ఒకడు లేచి, మా అన్నతో చెప్పి నా వాటా ఇప్పించండి అని యేసుప్రభువుని అడుగుతాడు. అచ్చం మన ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీలాగే. ఆయన వాటా తేల్చలేదు, కథ చెప్పాడు. ఒక ధనవంతుడి పొలం బాగా పండింది. కొట్లు చాలలేదు. పాతవి పడగొట్టి పెద్దవి కట్టేద్దాం, ఇక చాలా ఏళ్లు తిని తాగి సుఖంగా ఉందాం అనుకున్నాడు. ఆ రాత్రే ప్రాణం పోయింది. దేవుడు అతన్ని వెర్రివాడు అన్నాడు.

ఇక్కడ ఒకటి గమనించండి. అతను దొంగ కాదు. కూలీలని మోసం చేశాడని కూడా ఎక్కడా లేదు. కష్టపడ్డాడు, పొలం పండింది. కానీ కథ మొత్తంలో అతను ఇంకో మనిషితో మాట్లాడడు. నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణం. భార్య ఉందా, పిల్లలున్నారా, పక్కింట్లో ఆకలితో ఎవరైనా ఉన్నారా... ఏమీ తెలీదు. అతను పిలిచి మాట్లాడింది కూడా తన ప్రాణంతోనే!

ఇప్పుడు ఆదికాండం 41కి వెళ్దాం. అక్కడ ఇంకో మనిషి ధాన్యం దాచాడు. యోసేపు. వయసు 30, మీలో చాలామంది ఈడువాడే. ఐగుప్తులో ఏడేళ్లు బాగా పండితే ప్రతి ఏటా ఐదో వంతు తీసి పెట్టించాడు. 20 శాతం సేవింగ్స్! ఎంత దాచాడంటే లెక్కపెట్టడమే మానేశారు. మరి ఇతన్ని దేవుడు వెర్రివాడు అన్నాడా? లేదు. ఇద్దరూ దాచారు. ఒకడి కొట్టు తలుపు తనకోసమే తెరుచుకుంటుంది. ఇంకొకడి తలుపు కరువొచ్చినప్పుడు ఊరికోసం తెరుచుకుంది. తనని అమ్మేసిన అన్నలకి కూడా.

సరే, నా సంగతి చెప్తాను. చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది. రెండేళ్ల క్రితం నాకూ ఇలాంటి షీటే ఉండేది. నెలనెలా సిప్ ఒక్కటి కూడా తప్పకూడదని పట్టుదల. అప్పుడే అమ్మకి మోకాలి ఆపరేషన్ చేయించాలన్నారు డాక్టర్లు. నా దగ్గర డబ్బుంది. కానీ అది "ముట్టుకోకూడని డబ్బు" అని పేరు పెట్టుకున్నాను. వేసవి పోనీ అమ్మా, బోనస్ రానీ అమ్మా అంటూ ఎనిమిది నెలలు లాగాను. అమ్మ ఒక్క మాట అనలేదు. ఆదివారం చర్చి మెట్లు పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ దిగేది. అదే వెనక వరుసలో కూర్చుని నేను మొబైల్‌లో పోర్ట్‌ఫోలియో చూసుకున్న రోజులున్నాయి.

తర్వాత మార్కు 7వ అధ్యాయం చదువుతుంటే "కొర్బాను" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అప్పట్లో కొంతమంది, ఈ డబ్బు దేవునికి అర్పించేశాం అని చెప్పి తల్లిదండ్రులకి ఇవ్వడం మానేసేవాళ్లు. ప్రభువు వాళ్లని గట్టిగా తప్పుపట్టాడు. వాళ్లు కనీసం దేవుని పేరు చెప్పారు. నేను 60 ఏళ్ల నా కోసం అర్పించుకున్నాను. ఆపరేషన్ అయింది, అమ్మ ఇప్పుడు బానే నడుస్తోంది. ఆ ఎనిమిది నెలల నొప్పి మాత్రం నేను తిరిగి కట్టగలిగే ఈఎంఐ కాదు.

ఇక నిత్యత్వం. చాలామంది దీన్ని కూడా పెన్షన్ ప్లాన్ లాగే అనుకుంటారు. నెలకి ఇంత ప్రార్థన, ఇంత కానుక, ప్రీమియం కట్టేస్తే చివర్లో పరలోకం మెచ్యూర్ అవుతుంది అని. బైబిల్ వాడే మాట పెన్షన్ కాదు, స్వాస్థ్యం, అంటే వారసత్వం. మొదటి పేతురు 1వ అధ్యాయంలో ఉంది. పెన్షన్ సర్వీసుని బట్టి వస్తుంది. వారసత్వం కొడుకువో కూతురువో అయినందుకు వస్తుంది. అందుకే ఎఫెసీ 2లో పౌలు, ఇది కృపవల్ల, మీ క్రియలవల్ల కాదు అంటాడు. ఇంకోటి, యోహాను 17లో ప్రభువు నిత్యజీవం అంటే దేవుణ్ణి ఎరగడమే అని చెప్పాడు. అంటే అది చచ్చాక మొదలయ్యే స్కీమ్ కాదు. ఇప్పుడే మొదలవుతుంది. నాలుగున్నర కోట్లు పోగయ్యాక దేవుడి సంగతి చూద్దాం అనుకుంటే, ఆ రైతు అనుకున్న "చాలా ఏళ్లు" మీరూ అనుకుంటున్నట్టే.

మరి రిటైర్‌మెంట్ అసలు బైబిల్లో ఉందా అంటే, ఒకచోట స్పష్టంగా ఉంది. సంఖ్యాకాండం 8వ అధ్యాయం చివర్లో. లేవీయులు 50 ఏళ్లకి బరువు పనులు ఆపేయాలి. ఎంత దయో చూడండి, ముసలి నడుములకి దేవుడే సెలవిచ్చాడు. కానీ ఇంటికెళ్లిపొమ్మనలేదు, గుడారంలో తమ్ముళ్లకి సాయం చేస్తూ ఉండమన్నాడు. కాలేబు 85 ఏళ్లకి కొండసీమ నాకివ్వండి, అక్కడ బలవంతులైన శత్రువులున్నా వెళ్తాను అన్నాడు (నాకైతే 35కే మూడో అంతస్తు ఎక్కితే ఆయాసం). జార్జ్ ముల్లర్ పేరు మీరు వినే ఉంటారు, ఇంగ్లండ్ బ్రిస్టల్‌లో అనాథ పిల్లల్ని పెంచిన ఆయన. 1875లో, 70కి దగ్గర పడ్డాక, సువార్త చెప్పడానికి బయల్దేరి 17 ఏళ్లపాటు 42 దేశాలు తిరిగాడు. విమానాలు లేవు, ఓడలూ రైళ్లే. మన ఇండియాకి కూడా వచ్చాడు.

కాబట్టి తమ్ముడికి షీట్ డిలీట్ చేయమని నేను చెప్పలేదు. రెండు ప్రశ్నలు అడిగాను. ఈ డబ్బులో ఎవరికోసం తలుపు తెరుచుకుంటుంది? 45 తర్వాత సోమవారం పొద్దున లేచి ఏం చేస్తావు? మొదటిదానికి కాసేపు ఆలోచించి, "చెల్లి పీజీ ఫీజు అన్నా" అన్నాడు. రెండోదానికి నవ్వేసి, "అది ఇంకా అనుకోలేదు" అన్నాడు. ఆదివారం మళ్లీ కలుద్దాం అనుకున్నాం.

వచ్చే ఎపిసోడ్‌లో క్రెడిట్ కార్డులు, అప్పుల గురించి మాట్లాడుకుందాం.