గడ్డి ఉంది, మేత లేదు
వరి రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో పశువు కడుపు నిండుతోంది కానీ ఒంటికి పడుతున్నది తక్కువ. భిలాయి కాలనీల గుమ్మాల నుంచి పల్లెల గడ్డివాముల దాకా ఇదే కథ

భిలాయిలోని స్మృతి నగర్‌లో తెల్లవారితే గేట్ల ముందుకు ముందుగా వచ్చేది పాలవాడు కాదు, ఆవులు. ఏ ఇంట్లో రొట్టె దొరుకుతుందో, ఏ ఇంట్లో రాత్రి మిగిలిన అన్నం పెడతారో వాటికి కంఠతా వచ్చు. పొయ్యి మీద కాల్చిన మొదటి రొట్టె గోమాతకన్నది ఉత్తరాది ఆచారం. గోగ్రాసం తెలుగువారి ఆచారం. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాలకని వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు భిలాయిలో తక్కువేమీ కాదు. కనుక రెండు ఆచారాలూ ఒకే వీధిలో కనిపిస్తాయి. రొట్టె, అన్నం, కూరగాయల తొక్కలు ముగించుకుని ఆవులు చెత్తకుండీ దగ్గరికి నడుస్తాయి. కడుపులు ఉబ్బి ఉంటాయి. పక్కటెముకలు మాత్రం లెక్కపెట్టవచ్చు.

కాలనీ దాటి పల్లె దారి పడితే దృశ్యం మారుతుంది. కోతలు అయ్యాక ఊరూరా వరిగడ్డి వాములే. ఛత్తీస్‌గఢీలో దాన్ని 'పైరా' అంటారు. దేశానికి వరి గిన్నెగా పేరుపడ్డ రాష్ట్రంలో గడ్డికి కరువేమిటన్న ప్రశ్న సహజం. పశుపోషణ శాస్త్రం చెప్పే జవాబు సూటిగా ఉంటుంది: గడ్డికి కరువు లేదు. కరువల్లా మేతకే. కడుపు నింపేది గడ్డి. ఒంటికి పట్టేది, పాలుగా మారేది మేత.

ఆ తేడా ఖరీదు ఎంతో గణాంకాలే చెబుతాయి. 2019 పశుగణన ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో గోజాతి పశువులు దాదాపు కోటి. పాల విషయానికొస్తే, 2023-24లో దేశంలో తలసరి లభ్యత రోజుకు 471 గ్రాములు కాగా ఈ రాష్ట్రంలో అందులో సగం కూడా లేదు. స్థానిక కోసలీ జాతి చిన్నది, పాలు తక్కువ ఇస్తుందన్నది నిజమే. కానీ జాతి మార్చినంత మాత్రాన పాలు రావు. పాల ఉత్పత్తి ఖర్చులో 60 నుంచి 70 శాతం మేత, దాణాలదే. మేలుజాతి ఆవును తెచ్చి వట్టి పైరా ముందు కట్టేస్తే రైతుకు మిగిలేది అప్పే.

కడుపులో లెక్క

ఆవుకు మేత వేయడమంటే నిజానికి దాని కడుపులోని సూక్ష్మజీవులకు మేత వేయడం. నెమరువేసే పశువు మొదటి పొట్ట, అంటే రూమెన్, వంద లీటర్లకు పైగా పట్టే కుళాయి లేని పీపా లాంటిది. మనిషి అరిగించుకోలేని పీచును అక్కడి సూక్ష్మజీవులు విడగొట్టి పశువుకు శక్తినిస్తాయి. చివరకు అవే కిందికి జారి మాంసకృత్తులుగా జీర్ణమవుతాయి. అయితే ఆ జీవులు పని చేయాలంటే మేతలో కనీసం 7 శాతం ముడి మాంసకృత్తులు ఉండాలి. వరిగడ్డిలో ఉండేది 3 నుంచి 4 శాతం. పైగా అందులో ఇసుక గుణమున్న సిలికా ఎక్కువ, భాస్వరం బహు తక్కువ. ఉన్న కాస్త కాల్షియంను కూడా ఆక్సలేట్లు పట్టి ఉంచుతాయి.

300 కిలోల ఆవును తీసుకుందాం. బరువులో రెండున్నర శాతం చొప్పున అది రోజుకు ఏడున్నర కిలోల పొడి మేత తినాలి. అంతా వరిగడ్డే అయితే అందే ముడి మాంసకృత్తులు సుమారు 260 గ్రాములు. సూక్ష్మజీవులకు కావలసిన 7 శాతం లెక్కన 525 గ్రాములు ఉండాలి. అంటే సగం లోటు. అదీ ఆవు ఏడున్నర కిలోలూ తింటేనే. మాంసకృత్తులు చాలనప్పుడు గడ్డి కడుపులోనే నిలిచిపోతుంది, పశువు తినడమే తగ్గిస్తుంది. పొట్ట ఉబ్బి, ఎముకలు తేలిన ఆవు రహస్యం ఇదే.

ఈ లోటు పూడ్చడానికి అద్భుతాలేమీ అక్కర్లేదు. నీటి వసతి ఉన్నచోట చలికాలంలో వేసే బర్సీమ్ పచ్చిమేత పది కిలోలు పెడితే దాదాపు 250 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. కానీ ఆ పది కిలోలు పండించే నేల ఏది?

వరికి 3,100, మేతకు సున్నా

ప్రశ్న శాస్త్రం దాటి రాజకీయాల్లోకి అడుగుపెట్టేది ఇక్కడే. 2018 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం క్వింటాలు ధాన్యానికి రూ. 2,500 ఇచ్చింది. 2023లో అధికారం మారాక ఆ మొత్తం రూ. 3,100కు, ఎకరాకు 21 క్వింటాళ్ల కొనుగోలుకు పెరిగింది. ఏ పార్టీ గెలిచినా ధర పెరిగేది వరికే. ఎకరం పొలాన్ని పశుగ్రాసానికి వదిలే రైతును ఏ మేనిఫెస్టో పట్టించుకోలేదు. కొనేవాడు, ధర, బోనసు అన్నీ ఉన్న పంటను కాదని గడ్డి జొన్న వేయమనడం అమాయకత్వమే అవుతుంది.

గతంలో ఈ లోటును కొంత పూడ్చిన పద్ధతి ఒకటుంది. కోతకు ముందే తడి ఆరని వరి చేలో 'తివరా' (కేసరి పప్పు) గింజలు చల్లేవారు. దీన్ని ఇక్కడ ఉతేరా అంటారు. దున్నకుండా, నీరు పెట్టకుండా మిగిలిన తేమతోనే పప్పుజాతి పంట వచ్చేది. గింజ మనిషికి, కట్టె పశువుకు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరికోతకు ముందు పిల్లిపెసర, జనుము చల్లిన తరానికి దీన్ని వివరించనక్కర్లేదు. ఆలోచన ఒకటే. అయితే కోతలయ్యాక పశువులను విచ్చలవిడిగా వదిలేసే అలవాటు ఉతేరాకు శత్రువైంది. ఊరంతా కట్టడి చేస్తే తప్ప ఒక్క రైతు తన తివరాను కాపాడుకోలేడు. మేత లేక పశువులను వదులుతారు, వదిలిన పశువులు మేత పంటను మేసేస్తాయి. ఈ చక్రాన్ని ఆపడానికే 'రోకా ఛేకా' అనే పాత గ్రామ కట్టుబాటును 2020లో ప్రభుత్వం మళ్లీ ముందుకు తెచ్చింది.

వరికోత యంత్రాలు ఇంకో దెబ్బ. చేతికోతలో కట్టగట్టి ఇంటికి చేరిన గడ్డి, యంత్రం కోస్తే ముక్కలై పొలంలోనే చెల్లాచెదురవుతుంది. ఏరించే కూలి కంటే అగ్గిపుల్ల చవక. నాసిరకమైనా ఉన్న మేత కూడా అలా పొగవుతోంది. ఇది ఒక్క రాష్ట్రం బాధ కాదు. ఝాన్సీలోని భారతీయ పశుగ్రాస పరిశోధన సంస్థ తన 'విజన్ 2050' పత్రంలో దేశానికి పచ్చిమేతలో 35.6 శాతం, ఎండుమేతలో 10.95 శాతం, దాణా దినుసుల్లో 44 శాతం కొరత ఉందని అంచనా కట్టింది. దాణా దినుసు ఎంత సున్నితమైన సరుకో 2023 జూలైలో తేలింది. పశుదాణా ధరలకు కళ్లెం వేయడానికి కేంద్రం నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించాల్సి వచ్చింది.

రాజ్‌పూర్ చెప్పిన పాఠం

మేత లేమి వార్త అయ్యేది పశువులు చచ్చినప్పుడే. 2017 ఆగస్టులో ఇదే దుర్గ్ జిల్లా ధమ్‌ధా ప్రాంతంలోని రాజ్‌పూర్ గోశాలలో పెద్ద సంఖ్యలో ఆవులు మరణించాయి. మేత, మందులు లేకే చచ్చాయన్న ఆరోపణలు వెల్లువెత్తాయి. ప్రభుత్వ సాయం పొందుతున్న ఆ గోశాల నిర్వాహకుడు అరెస్టయ్యాడు. రాజకీయ దుమారం కొన్ని వారాలు నడిచింది.

తర్వాతి ప్రభుత్వం గోఠాన్‌లు (ఊరి పశువుల సామూహిక ఆవరణలు) కట్టించి, 2020 జూలై 20న, హరేలీ పండుగ రోజున, గోధన్ న్యాయ్ యోజన ప్రారంభించింది. కిలో పేడ రూ. 2కు కొనడం దేశమంతా మాట్లాడుకున్న పథకమైంది. గోఠాన్‌లకు రైతులు పైరా దానం చేయాలన్న పిలుపులు, మేత క్షేత్రాల ప్రణాళికలు కూడా అందులో ఉన్నాయి. కానీ పతాక శీర్షికలకెక్కింది పేడే. ఆవు నుంచి వచ్చేదానికి ధర దొరికింది. ఆవు లోపలికి వెళ్లేదానికి దొరకలేదు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారాక ఆ పథకం ప్రాధాన్యం కోల్పోయింది. 2024 డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్‌డీడీబీ)తో ఒప్పందం కుదుర్చుకుంది. 'దేవభోగ్' పేరుతో పాలమ్మే రాష్ట్ర సహకార సమాఖ్యకు కొత్త ఊపిరి పోయడం లక్ష్యం. పాలు సేకరించే వ్యాను ఊళ్లోకి వస్తే మేత మీద రూపాయి పెట్టడానికి రైతుకు ధైర్యం వస్తుందన్నది ఎన్‌డీడీబీ గుజరాత్ నుంచి మోసుకొచ్చిన పాఠం.

పొడులు, నీళ్లు, నిజాలు

మేతలో లోటును డబ్బాతో పూడ్చవచ్చన్న భ్రమ మీద పెద్ద మార్కెట్టే నడుస్తోంది. పాలు పెంచే పొడి, కాల్షియం సీసా, జీర్ణశక్తి టానిక్ మందుల షాపుల్లో వరుసకట్టి ఉంటాయి. వీటిలో ఏది అవసరం, ఏది ఆడంబరం? దుర్గ్ అవతల అంజోరాలో పశువైద్య కళాశాల ఉంది. 2012 నుంచి అక్కడే కామధేను విశ్వవిద్యాలయం కూడా నడుస్తోంది. అలాంటి సంస్థల్లో బోధించే పాఠం సారాంశం ఒక్కటే: ముందు మేత, తర్వాత దాణా, ఆ తర్వాతే అనుబంధాలు.

అనుబంధాల్లో తిరుగులేనిది ఖనిజ లవణ మిశ్రమం. భాస్వరం, రాగి, జింకు చాలకపోతే పశువు సకాలంలో ఎదకు రాదు, వచ్చినా చూలు నిలవదు. రోజుకు కనీసం 50 గ్రాములు, పాలిచ్చే పశువుకు ఇంకా ఎక్కువ వేస్తే చాలు. ఈత ఈతకూ మధ్య వృథా అయ్యే నెలలతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకి రాదు.

అజొల్లా కథ వేరు. ఎండబెడితే అందులో 20 శాతానికి పైగా మాంసకృత్తులున్న మాట నిజం. కానీ తాజా అజొల్లాలో 90 శాతానికి పైగా నీరే. రెండు కిలోలు వేస్తే ఆవుకు అందేది పాతిక, ముప్పై గ్రాముల మాంసకృత్తులు. 260 గ్రాముల లోటున్న చోట అది తాంబూలమే తప్ప భోజనం కాదు.

నిజంగా లోటు తీర్చగలది యూరియాతో గడ్డిని మాగబెట్టడం. వంద కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు ఉంచాలి. యూరియా అమ్మోనియాగా మారి పీచును వదులు చేస్తుంది. మాంసకృత్తులు 7, 8 శాతానికి చేరతాయి. తీశాక కాసేపు గాలికి ఆరబెట్టి కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. మాగబెట్టకుండా యూరియా నీళ్లు కుడితిలో కలిపితే మాత్రం గంటలో పశువు ప్రాణం పోతుంది. దశాబ్దాలుగా ప్రచారంలో ఉన్నా ఈ పద్ధతి పల్లెల్లో వేళ్లూనుకోకపోవడానికి ఆ భయం ఒక కారణం. కష్టపడి మాగబెట్టినా పెరిగిన పాలు కొనేవారు దగ్గర్లో లేకపోవడం ఇంకో కారణం. యూరియా, బెల్లపు మడ్డి, లవణాలు కలిపి గట్టి దిమ్మగా పోసి నాకించే పద్ధతిని ఎన్‌డీడీబీ 1980లలోనే ప్రచారంలోకి తెచ్చింది. నాలుక మీద కొద్దికొద్దిగా అందుతుంది కనుక అందులో ప్రమాదం తక్కువ.

మేత సరిచేస్తే ఫలితం ఉంటుందనడానికి దేశంలోనే దాఖలా ఉంది. మొదటి దశ జాతీయ డెయిరీ ప్రణాళిక (2012-2019) కింద ఊళ్లోని యువతీ యువకులకే శిక్షణ ఇచ్చి, 28 లక్షలకు పైగా పశువులకు విడివిడిగా లెక్కగట్టి మేత సూచించారు. చాలాచోట్ల తేలిందేమిటంటే, రైతు ఒకదాన్ని ఎక్కువగా, మరోదాన్ని తక్కువగా పెడుతున్నాడు. లెక్క సరిచేస్తే ఖర్చు తగ్గింది, పాలు పెరిగాయి, లీటరు పాలకు ఆవు వదిలే మీథేన్ వాయువు కూడా తగ్గింది.

రొట్టె చేసే చెరుపు

మళ్లీ స్మృతి నగర్‌కు వద్దాం. ఒక రొట్టెతో ఆవుకు హాని లేదు. ఇరవై ఇళ్ల అన్నం, పెళ్లి భోజనాల్లో మిగిలిన పూరీలు ఒక్కసారిగా కడుపులో పడితేనే ముప్పు. పిండిపదార్థం వేగంగా పులిసి ఆమ్లంగా మారుతుంది. పీచును అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. పశువు కూలబడుతుంది, కొన్నిసార్లు లేవదు. వాటిని సంచీలో ముడివేసి పారేస్తే మరీ ప్రమాదం. సంచీ కూడా కడుపులోకే పోతుంది, బయటికి రాదు. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ ఆవుల పొట్టల్లోంచి ప్లాస్టిక్ ముద్దలు తీయించి, 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది అందుకే.

ఛత్తీస్‌గఢ్ రైతుకు ఈ సంగతులు పూర్తిగా కొత్తవి కావు. హరేలీ నాడు పశువులకు పిండి, ఉప్పు కలిపి ఆకులో చుట్టి 'లోందీ' తినిపిస్తారు. పశువుకు ఉప్పు అవసరమని ప్రయోగశాలలు చెప్పకముందే గుర్తించిన ఆచారమది. ఏడాదికి ఒక రోజు జరిగేది మిగతా 364 రోజులూ జరగాలంటే పండుగ చాలదు. ఊరికి కొంత మేత నేల, వదిలేసిన పశువులపై కట్టడి, పాలకు గిట్టుబాటు ధర కావాలి. కాలనీవాసి మాత్రం అంతదాకా ఆగనక్కర్లేదు. రేపు ఉదయం గేటు ముందు ఆవు నిలబడినప్పుడు రొట్టెకు బదులు నాలుగు పిడికిళ్ల పచ్చిగడ్డి వేస్తే చాలు. గోగ్రాసమనే మాటకు అర్థం కూడా ఆవుకు పెట్టే ముద్ద అనే కదా. ఆవు ముద్ద గడ్డే.